నర్సయ్య పెయ్యికి వారం సెలవు

నర్సయ్య ఎనిమిదేళ్ళుగా ఆ ప్రైవేటు కాలేజీలో టెంపరరీ అటెండరు. ఏటా ఎండాకాలం తీసేసేవారు, జూన్‌లో మళ్ళీ పెట్టుకునేవారు. సిద్దిపేటకు నాలుగు మైళ్ళ అవతల, కొండపాక రోడ్డులో అతని ఊరు. పొద్దున బస్సు రాకపోతే ఉరికి వచ్చేవాడు. బస్సు రాని రోజులే ఎక్కువ కాబట్టి ఉరకడం కూడా ఉద్యోగంలో భాగమైపోయింది. దారిలో సైకిలు మీద పాలు తీసుకుపోయే ఒకాయన అతని సద్దిగిన్నె అందుకుని, ముందుగానే కాలేజీ గేటు దగ్గర పెట్టి పోయేవాడు. ఇన్నేళ్ళలో ఒకరి పేరు ఒకరు అడగడానికి ఇద్దరికీ తీరలేదు.

1992 డిసెంబరులో పట్టణంలోని వ్యాపారులు కలిసి మారథాన్ పెట్టారు. సిద్దిపేట నుంచి కొండపాక దాకా పోయి తిరిగి రావాలి. మొత్తం ఇరవై ఆరు మైళ్ళు. కాలేజీ కరస్పాండెంటు అయిన బట్టల దుకాణం కాశీనాథం సేటు నర్సయ్యను పిలిపించాడు.

"ఎట్లైన ఉరుకుతనే ఉంటవు. గా ఉరుకుడేందో మన పేరు మీద ఉరుకు. ఆఖరి దాక ఉరికినవంటె సోమవారం పర్మనెంటు ఆర్డరు చేతుల పెడ్త. నడుమ కూలవడ్డవనుకో, జూన్ల గూడ రాకు."

బనియను వచ్చింది. ఛాతీ మీద కాలేజీ పేరు, వీపు మీద దుకాణం పేరు. దుకాణం అక్షరాలే పెద్దవి. వెనక ఉరికొచ్చేవాళ్ళకు చదువుకునే తీరిక ఉంటుందని సేటు నమ్మకం.

నర్సయ్యను తయారుచేసే పని డ్రిల్లు మాస్టారి మీద పడింది. ఆయనది తెనాలి వైపు. సిద్దిపేట వచ్చి మూడు నెలలే అయింది. తాను వాలీబాల్ మనిషినని, పరుగు సంగతి తెలియదని మొదటిరోజే ఒప్పుకున్నాడు. తెలియకపోయినా రోజూ సైకిలు తొక్కుతూ, మంచినీళ్ళ సీసా పట్టుకుని వెంట వచ్చేవాడు. అలా నర్సయ్య ఇరవై మైళ్ళ దాకా అందుకున్నాడు.

పోటీకి ఇంకా ఎనిమిది రోజులుండగా సేటు కొత్త టైంటేబుల్ పంపాడు. పొద్దున పది మైళ్ళు, సాయంత్రం బజారు చుట్టూ రెండు తిరుగుళ్ళు, దుకాణం ముందు ఆగి ఒక దండం. ఊళ్ళో పెద్దలు దానికి తలా ఒక చేయి వేశారు. ఇనుప సామాన్ల నాగేశం కాళ్ళకు ఇసుక మూటలు కట్టుకుని ఉరకమన్నాడు. ఇంకొకాయన పరగడుపున డజను గుడ్లు మింగమన్నాడు. వీళ్ళంతా బస్టాండుకు కూడా రిక్షాలో పోయేవాళ్ళే.

మర్నాడు పొద్దున లేచేసరికి నర్సయ్య తొడలు రాళ్ళలా ఉన్నాయి. భార్య దుర్గవ్వ పిక్కలు నొక్కి చూసింది.

"ఏమంటున్నది పెయ్యి?"

"ఇగ చాలంటున్నది."

"మరి ఇను. సేటు మాట ఎనిమిదేండ్ల సంది ఇంటనే ఉన్నవు. దీని మాట ఒక్క వారమన్న ఇను. దూరం బండి కట్టేటప్పుడు ఎడ్లనైన నాలుగు దినాలు మేపి పండవెడ్తం. ఎడ్లకన్న తక్కువనా నువ్వు?"

నర్సయ్య శనివారాలు ఒక్కపొద్దు ఉండే మనిషి. దేవుడిచ్చిన ఒళ్ళు నోరు తెరిచి అడిగితే లేదనడం పాపమనిపించింది. పోయి మాస్టారికి చెప్పుకున్నాడు.

"పెయ్యి మంచిగ లేదు సార్. ఉరుకుదమంటే ఒద్దంటున్నది. ఓ వారం పండుకోనియ్యాలె, జర మెల్లగ నడిపియ్యాలె."

సిద్దిపేటలో పెయ్యి అంటే ఒళ్ళు. తెనాలి వైపు పెయ్య అంటే ఆడదూడ.

"అయ్యో, ఎన్నాళ్ళ నుంచయ్యా?" అన్నాడు మాస్టారు.

"నిన్నటి సంది సార్."

"మేత తింటోందా?"

ఆ వైపు అన్నాన్ని మేత అంటారు కాబోలు అనుకున్నాడు నర్సయ్య. "మంచిగనే సార్."

మాస్టారు ముత్యాల్లాంటి అక్షరాలతో అర్జీ రాసి తానే సేటుకు పంపాడు: 'నర్సయ్య ఇంట పెయ్యదూడకు జబ్బు చేసినందున, దానిని కనిపెట్టుకుని ఉండుటకు వారం రోజులు సెలవు ఇప్పించ ప్రార్థన.'

మనిషి జబ్బుకు సేటు సెలవిచ్చి ఎరగడు. కిందటేడు నర్సయ్యకు టైఫాయిడ్ వస్తే, స్టూలు మీద కూర్చుని చేసే పనే కదా అన్నాడు. అయితే ఆయన గోసేవా సంఘానికి అధ్యక్షుడు. అర్జీ చదివి కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "నోరులేని జీవి ముంగట మన ఉరుకుడెంత," అని టైంటేబుల్ రద్దు చేసి, సెలవిచ్చి, రెండు మోపుల పచ్చిగడ్డి, తవుడు బస్తా బండిలో నర్సయ్య ఇంటికి పంపించాడు.

బండివాడు జబ్బు దూడకని చెప్పి దించిపోయాక గానీ మొగుడూ పెళ్ళాలకు సంగతి అర్థం కాలేదు. "మొత్తానికి సేటు నిన్ను గొడ్లల్ల కలిపిండు," అంది దుర్గవ్వ.

నర్సయ్య రెండు రోజులు పడుకున్నాడు. మూడో రోజు పొలం గట్ల మీద మూడు మైళ్ళు మెల్లగా ఉరికాడు. ఆ తర్వాత ఒక్క మైలే. కాళ్ళు ఇంకా పోదామన్నా ఆగాడు. ఒద్దన్నప్పుడు ఆగడం కన్నా ఇది కష్టంగా ఉంది.

గురువారం సేటు భార్య జ్ఞానేశ్వరి పసుపు కుంకుమలు, శనగలు, బెల్లం పట్టుకుని కారు దిగింది. దూడ ఏదని అడిగింది.

నర్సయ్యకు అబద్ధం నోట రాలేదు. "దూడ లేదమ్మా. పెయ్యంటే నా పెయ్యే. సారుకు గట్ల ఇనవడ్డది."

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని చాలాసేపు నవ్వింది. నవ్వు ఆగాక అతని కాలి గోళ్ళు నల్లబడి ఉండటం చూసింది.

"గడ్డేం చేసిన్రు?"

"పక్కింటోళ్ళ బర్రెకు ఏసినం," అంది దుర్గవ్వ.

"మంచి పని చేసిన్రు. ఆయనకు ఆదివారం దాక చెప్పకున్రి. మనిషి పెయ్యంటే ఆయనకు సమజ్ కాదు." కుంకుమ దుర్గవ్వ నుదుట పెట్టి, శనగలూ బెల్లమూ నర్సయ్య ముందుంచి వెళ్ళిపోయింది.

ఆదివారం అరవైమంది బయలుదేరారు. నాగేశం తన కొట్టు తరఫున తయారుచేసిన మనిషి వారమంతా ఇసుక మూటలతో ఉరికి ఉరికి, ఎనిమిదో మైలు దగ్గర చాయ్ హోటల్లో కూలబడ్డాడు. నర్సయ్య మొదట అందరికన్నా వెనక ఉన్నాడు. దుకాణం పేరు చదవడానికి వెనక ఎవరూ లేరు. కొండపాకలో మళ్ళాక ముందున్నవాళ్ళు ఒక్కొక్కరే అతనికి పక్కగా వచ్చి వెనకబడసాగారు. పంతొమ్మిదోవాడిగా చేరాడు. అప్పటికి ఫోటోలు అయిపోయాయి, సేటు భోజనానికి వెళ్ళాడు. షామియానా విప్పుతున్నవాళ్ళు పని ఆపి చప్పట్లు కొట్టారు.

సోమవారం సేటు ఆర్డరు ముందు పెట్టుకుని పెన్ను తీశాడు. నర్సయ్య చేతులు కట్టుకున్నాడు.

"సంతకం పెట్టే ముంగట ఒక్క మాట సేటూ. మా ఇంట్ల దూడ లేదు." జరిగిందంతా చెప్పాడు.

సేటు పెన్ను గాలిలో ఆగిపోయింది. "అంటే, నీ ఒళ్ళునొప్పులకు నేను గడ్డి పంపిన్నా?"

"తవుడు గూడ, సేటూ."

సేటు తలుపు వైపు చూశాడు. తలుపు అవతల స్టాఫ్ రూము, దాని అవతల బజారు, బజారులో గోసేవా సంఘం.

"ఎవలెవలికి ఎరుక?"

"మా ఇంటామెకు. ఇంకొకామెకు."

ఆ ఇంకొకామె ఎవరో సేటు అడగలేదు. ఆర్డరు దగ్గరకు లాక్కుని సంతకం పెట్టాడు. "పర్మనెంటోడు కాలేజీ ఇజ్జత్ కాపాడాలె. ఈ ముచ్చట ఈ గది దాటొద్దు."

నర్సయ్య కాగితం కళ్ళకద్దుకుని బయటికి వచ్చాడు. మెట్లు దిగుదామంటే మోకాళ్ళు వంగలేదు. ఆర్డరు పళ్ళ మధ్య పట్టుకుని, రెండు చేతులతో గోడ పట్టుకుని, వెనక్కి తిరిగి ఒక్కో మెట్టే దిగసాగాడు. కింద నుంచి చూసిన మాస్టారు పైకొచ్చాడు.

"ఇటివ్వవయ్యా, తడిసిపోతుంది," అని కాగితం తీసి తన జేబులో పెట్టుకుని, భుజం కింద చెయ్యి వేశాడు.