చింతపండులో పెట్టిన దుడ్లు

మొన్న మా మనవడు సెల్‌ఫోను చూస్తూ, ఎక్కడో విదేశాల్లో బ్యాంకులు మూతపడ్డాయనీ, ఇక షేర్లు కూడా పడిపోతాయేమోననీ, ఉన్నవి అమ్మేసి బంగారం కొనాలా వద్దా అనీ కాలుగాలిన పిల్లిలా తిరుగుతుంటే నాకు నవ్వాగలేదు. వాడికేం తెలుసు, అరవైల మొదట్లో తాడిపత్రిలో ఇదే బెంగతో మా నాయన చేసిన నిర్వాకం!

నాయనకు బజారులో చిన్న బట్టలకొట్టు ఉండేది. కుండ కొనాలన్నా నాలుగువైపులా తట్టి, చెవి ఆనించి విని, చివరికి రేపొస్తానని వచ్చేసే మనిషి కనుక, ఆయన కొన్నది మంచిదనీ వదిలేసింది చెడ్డదనీ ఊళ్ళో ఒక నమ్మకం. నేను అప్పుడప్పుడే బడిలో పంతులమ్మగా చేరి, జీతం ఆయన దాచుకునే బ్యాంకులోనే వేసేదాన్ని. ఆ ఏడు వానలు మొహం చాటేశాయి. దానికి తోడు దక్షిణాన ఏదో బ్యాంకు మునిగిందని హోటల్లో పేపరు చదివిన మా చిన్నాయన రొప్పుతూ వచ్చాడు.

"బ్యాంకులు మునిగితే కంపెనీలు నిలబడతాయా? నీ నూనెమిల్లు షేర్లు పొట్లాలు కట్టేదానికి గూడా పనికిరావు. ఇప్పుడే సర్దుకో అన్నా!"

నాయనకు అన్నం సహించలేదు. షేర్లు వచ్చిన ధరకు అమ్మేసి, నాచేత కూడా సంతకం పెట్టించి, బ్యాంకులో ఉన్నదంతా తెచ్చేశాడు. దాన్ని దేంట్లో పెట్టాలన్నది ఇంట్లో పెద్ద రగడ. అమ్మ బంగారమంది. అవ్వ మేకలంది. "కరువొస్తే మేకలు మన ఎంట నడిచొస్తాయి, బ్యాంకు నడిచొస్తాదా?" అని ఆమె వాదన. చివరికి, కరువులోనైనా పులుసు కాచని ఇల్లుండదన్న చిన్నాయన మాటే నెగ్గి, సాయంత్రానికల్లా ఇల్లంతా చింతపండు బస్తాలతో నిండిపోయింది. మంచం వేసే చోటు లేక బస్తాల మీదే పడుకునేసరికి నాకు కలలో కూడా పళ్ళు పులిశాయి.

అయితే నాయన సంచితో బ్యాంకు మెట్లు దిగడం బజారంతా చూసింది. తెల్లవారేసరికి బ్యాంకు ముందు పెద్ద వరస. బొరుగులమ్ముకుని ముసలితనానికి దాచుకున్న మా వీధి అత్త మొదలు, బండలు కోసే కూలీల వరకు అందరూ అక్కడే. బ్యాంకు ఏజెంటు (ఇప్పటి మేనేజరును అప్పట్లో అలా అనేవాళ్ళం), కోస్తా నుంచి వచ్చిన మెత్తటి మనిషి, వెనకదారిన మా ఇంటికి పరుగెత్తుకొచ్చాడు.

"బ్యాంకు బాగానే ఉందండీ బాబూ! మీరు తీశారనే ఊరంతా వచ్చింది. రేపు పైనుంచి డబ్బు వస్తుంది, ఈలోగా లేదన్నానంటే ఇక తలుపులు మూసుకోవడమే. మీరొచ్చి అందరి ముందూ మళ్ళీ వేయండి."

"ఏం ఏసేదప్పా? దుడ్లన్నీ చింతపండయిపోయినాయి!" అన్నాడు నాయన దీనంగా.

అవ్వ లేచి, ఒలిచి పోసిన చింతపిక్కలను గుడ్డసంచికి ఎత్తి, మూతి బిగించి ఆడించింది. గలగలమంది.

నాయన ఇస్త్రీ పంచె కట్టి, ఆ మూట భుజాన వేసుకుని నడిబజారులో నడిచాడు, వెనకే నేనూ బయల్దేరాను. వరసలోంచి అత్త అడ్డం వచ్చింది.

"ఏమన్నా, మళ్ళా ఏస్తాండావా?"

అబద్ధమాడి ఎరగని మనిషి. "ఇంట్లో ఏముండాదో అదే తెచ్చినా చెల్లీ" అన్నాడు.

ఏజెంటు మూట అందుకుని, అది మరీ తేలిగ్గా ఉండేసరికి తూలి, అంతలోనే తమాయించుకుని, మోయలేని బరువు మోస్తున్నట్టు నడుం వంచి లోపలికి పట్టుకుపోయాడు. నాయనకు వరండాలో కుర్చీ వేసి మజ్జిగ ఇచ్చారు. అక్కడ ఆయన కూర్చున్నంతసేపూ వరస కరుగుతూ వచ్చింది. "అన్నే ఏసినాక నాకేం బయం" అంటూ అత్త కూడా బొరుగుల గంప ఎత్తుకుంది. మర్నాడు డబ్బు రానే వచ్చింది, బ్యాంకు నిలిచింది.

చింతపండు ధరే నిలవలేదు. పొద్దున్నే డబ్బు తీసుకున్నవాళ్ళంతా నాయన్ని చూసి అదే కొన్నారు, భయం తీరాక అందరూ ఒక్కసారే అమ్మబోయారు, కొనే నాథుడు లేడు. నాయన అమ్మేసిన షేర్లు కొన్నవాళ్ళెవరో వాటితో మిద్దె కట్టారు, మేం మాత్రం పులుసు తాగాం. చిన్నాయన చాలాకాలం భోజనాల వేళకు మా గడప తొక్కలేదు.

మన వయసువాళ్ళకు గుర్తుండే ఉంటుంది. అప్పట్లో భయమేసినా ధైర్యమొచ్చినా బజారులోకి వచ్చి, ఒక మనిషి మొహం చూసి తేల్చుకునేవాళ్ళం. ఆ మనిషి లెక్క తప్పినా, మన కళ్ళెదుటే కూర్చుని ఉండేవాడు. ఇప్పుడు డబ్బు వేలితో నొక్కితే వస్తుంది, నొక్కితే పోతుంది, పక్కింటివాళ్ళకు కూడా తెలియదు. అంతా సుఖమే, కాదనను. భయమేసినప్పుడు ఎవరి మొహం చూడాలో మాత్రం తెలియడం లేదు.