కర్పూరం డబ్బా మూత

పరిశోధనకి నేను ఎంచుకున్నది కర్పూరమని చెబితే మా అమ్మ మొదట నమ్మలేదు. "దానికోసం అంత చదవాలా?" అంది. ఆమెది విస్సన్నపేట దగ్గర ఒక షెడ్డులో మామిడికాయలు ఏరి పెట్టెల్లో సర్దే పని. సెలవులకి వెళ్ళినప్పుడు ఆమె సర్దిన పెట్టె చూపిస్తూనే చెప్పాను.

"కాయలన్నీ వరసగానే ఉన్నాయి. ముచ్చికలు మాత్రం తలోవైపు. కర్పూరంలో అణువులూ అంతేనమ్మా. ఉన్నచోటు వదలవు, అక్కడే అటూ ఇటూ తిరుగుతుంటాయి. బాగా చల్లబరిస్తే ఆగిపోతాయి. కంటికి కనపడవు కాబట్టి న్యూట్రాన్లనే రేణువుల్ని వాటి మీదకి పంపి, ఎలా చెదిరి వస్తాయో చూస్తాం."

అమ్మ ఒక కాయని సరిచేసి, "నీ ఓపికే" అంది.

ఆ న్యూట్రాన్లు దొరికే రియాక్టరు దగ్గర మా వంతు నాలుగు రోజులే. దానికోసం నెలల తరబడి ఎదురుచూశాను. అల్యూమినియం డబ్బాలో కర్పూరం నింపి మూత నేనే బిగించాను. రెండోరోజుకి సిగ్నల్ బలహీనపడింది. మూడోరోజు తీసి చూస్తే డబ్బాలో సగం కూడా లేదు. మూత సందులోంచి ఆవిరైపోయింది. అక్కడి పెద్దాయన తిట్టలేదు. "మూత సరిగ్గా కూర్చోలేదమ్మా" అని ఊరుకున్నారు. అదే ఎక్కువ బాధపెట్టింది.

ఇంటికెళ్ళి రెండు రోజులు నోరు విప్పలేదు. చివరికి అన్నం పెడుతూ అమ్మే అడిగింది. చెప్పాను.

"మూత వదులైతే కర్పూరం ఎగిరిపోతుందని తెలీదటే?"

"తెలుసు."

"మరి?"

"తొందరపడ్డానమ్మా."

అమ్మ నవ్వింది. నాకూ నవ్వొచ్చింది, నవ్వుతూనే ఏడ్చేశాను. సొన మచ్చలు పడ్డ చేత్తో నా తల నిమిరి, "పెట్టెలు జారవిడిచి నేనెన్ని కాయలు పాడుచేశానో. మర్నాడు పనికి వెళ్ళలేదా ఏంటి?" అంది.

మళ్ళీ వంతు రావడానికి ఏడాది పట్టింది. ఈసారి మూత కింద మెత్తటి లోహపు తీగ చుట్టి బిగించాను. ఒక రోజంతా ఆగి తూచాను. బరువు తగ్గలేదు. అణువులు తిరుగుతున్నంతసేపూ కంప్యూటర్ తెర మీద గీత వెడల్పుగా పరుచుకుని ఉంటుంది. చల్లబరిచేకొద్దీ అది సన్నబడుతూ వచ్చి, సూదిలా నిలబడింది. బయటికొచ్చి అమ్మకి ఫోన్ చేశాను.

"ఆగిపోయాయా?" అంది.

"ఆగాయమ్మా."

అవతల షెడ్డులో మాటలు వినిపిస్తున్నాయి.

"మళ్ళీ తిరుగుతాయా?"

"వెచ్చబడితే తిరుగుతాయి."

"అయితే సరేలే" అంది.