దసరా నాడు కడిగిన బండి

మొన్న దసరా మర్నాడు జూబ్లీ హిల్స్‌లో ఒక సినిమా షూటింగు గంటన్నర ఆగిపోయింది. కెమెరా బాగానే ఉంది, ఎండ బాగానే ఉంది, ఎవరూ అలగలేదు. ఆపింది నేను. ఈ సంగతి మీరు ఇంకొకరి నోట వినేకంటే నా నోట వినడం మంచిది. షేక్‌పేటలో ఇన్నాళ్ళూ ఇతరుల తప్పులు ఇంటింటికీ చేరవేసింది నేనే కాబట్టి, నా వంతు వచ్చినప్పుడు వాళ్ళెంత శ్రద్ధగా పని చేస్తారో నాకు తెలుసు.

నేను సర్కారు బడి ఆఫీసులో ముప్పై ఏళ్ళు పనిచేసి రిటైరయ్యాను. నా సంతకం లేకుండా ఆ బడి నుంచి ఒక్క టీసీ బయటికి పోలేదు. సంతకంతో కూడా తొందరగా పోలేదు. ఆ అలవాటు చేతికి అలాగే ఉండిపోయింది. ఏం రాసినా కింద సంతకం, దాని కింద తేదీ పడాల్సిందే. మా ఆవిడకు రాసిచ్చే కూరగాయల చీటీ కూడా అలాగే వెళ్తుంది. కూరగాయలామె దాన్ని తలకిందులుగా పట్టుకుని, "సార్ మంజూరు చేసిండు, పెట్టు" అంటుందట కొడుకుతో.

నాకొక కారు ఉంది. నీలం రంగుది, అమెరికా కంపెనీది. కంపెనీ పేరు చెప్పను. చెబితే యాదగిరి మళ్ళీ పరామర్శకు వస్తాడు. యాదగిరి మా ఎదురింటాయన. తన కారును రోజూ పొద్దున్నే షాంపూతో కడుగుతాడు. ఆయన పిల్లలకు ఆదివారం ఒక్కరోజే ఆ భాగ్యం అని నేనే ఊళ్ళో చెప్పాను. అందుకే, ఆ కంపెనీ ఇక మన దేశంలో కార్లు చేయదని వార్త వచ్చిన రోజు, ఆయన తువ్వాలు భుజాన వేసుకుని వచ్చి నా బండి పక్కన తల వంచుకుని నిలబడ్డాడు.

"ఎట్లయింది సత్యన్నా? మొన్నటిదాంక మంచిగనే ఉండె గదా."

బండికి ఏమీ కాలేదని, సర్వీసు ఇస్తూనే ఉంటారని చెప్పాను. ఆయన నిట్టూర్చి, చాయ్ కూడా తాగకుండా వెళ్ళిపోయాడు.

ఆ బండి ఉన్నవాళ్ళకు ఒక వాట్సాప్ గ్రూపు ఉంది. అందులో నేనూ ఉన్నాను. కరీంనగర్‌లో ఒకాయన దగ్గర కుడివైపు అద్దం ఉందట, ఎవరికైనా కావాలా అని ఒకరు అడుగుతారు. పది నిమిషాల్లో నలుగురు చేతులెత్తుతారు. కావలసిన గ్రూపు రక్తం దొరికినంత సంతోషం. మేమందరం ఒక్క విషయంలో ఒకేలా ఉంటాం. కారు తలుపు వేసి, ఆ చప్పుడు పక్కవాళ్ళు విన్నారా లేదా అని చూస్తాం.

నేను ఆ బండి కొన్నది మా నాయన కోసం. ఆయన పేరు మల్లయ్య. డెబ్భై ఎనిమిదేళ్ళు. జూబ్లీ హిల్స్‌లో ఒక నిర్మాత దగ్గర ముప్పై ఐదేళ్ళు డ్రైవరుగా చేశాడు. ఆ నిర్మాతకు ఇదే కంపెనీ చేసిన పాత పొడుగు కారు ఒకటుండేది. శ్రీనగర్ కాలనీ నుంచి నటులను ఎక్కించుకుని షూటింగుకు తీసుకువెళ్ళే దారిలో, వెనక సీట్లో కూర్చుని ఆ నిర్మాత కంపెనీ చరిత్ర చెప్పేవాడట. వెనక సీట్లో వినేవాళ్ళు ఎంతమంది మారినా ముందు సీట్లో మనిషి మారలేదు కాబట్టి, ఆ చరిత్ర అంతా మా నాయనకు కంఠతా వచ్చింది.

"అది పెట్టినాయన రైతు కొడుకే రా. పొలం పని ఆయనకు పడలె. ఎప్పుడు జూడు మిషిన్లే. ఆయన ఫ్యాక్టరీల మనిషి బండి దగ్గరికి పోవుడు లేదు, బండే మనిషి దగ్గరికి వచ్చుడు. ఒకడు ఒక్క బోల్టు బిగిస్తడు, బండి ముందుకు పోతది. శాన ఏండ్లు అన్నీ నల్లబండ్లే. నల్లరంగు జల్ది ఆరుతదని."

"మా ఆఫీసులోనూ అంతే నాయనా. ఫైలే మా దగ్గరికి వచ్చేది."

"వచ్చుడు సరే. ముందుకు పోయిందా?"

మా ఇంట్లో నన్ను ఎగతాళి చేసే హక్కు ఆయనకొక్కడికే ఉంది.

అంత కాలం సినిమావాళ్ళ మధ్య తిరిగినా మా నాయన తెర మీద కనిపించింది ఒక్కసారే. అది కూడా ఆయన చెయ్యి. ఆ సినిమా హీరోకు బండి నడపడం రాదు. గేరు మార్చే షాట్‌లో మా నాయన చేతికి హీరో చొక్కా తొడిగి తీశారు. ఆ సినిమా టీవీలో వచ్చిన ప్రతిసారీ ఇంట్లో అందరం పనులు ఆపి వచ్చి కూర్చుంటాం. చెయ్యి వస్తుంది, గేరు పడుతుంది, మా నాయన లేచి మంచినీళ్ళు తాగడానికి వెళ్తాడు. కెమెరా ముందు ముఖం పెట్టాలనే కోరిక ఆయనకు ఉందని నేను అనుకోలేదు. ఎన్నడూ చెప్పలేదు మరి.

దసరాకు నాలుగు రోజుల ముందు మా గ్రూపులో ఒక మెసేజ్ వచ్చింది. ఫిల్మ్ నగర్‌లో ఒక సినిమా ఆఫీసుకు సరిగ్గా నా కారు లాంటిదే, అదే రంగుది కావాలట. కొత్తది దొరకదు కదా. నేను ఫోన్ చేశాను. శ్రావణి అనే అమ్మాయి వచ్చి చూసింది. ఆమె అసిస్టెంట్ డైరెక్టరు. ముందు రోజు తీసిన షాట్‌కూ ఈ రోజు షాట్‌కూ తేడా రాకుండా చూసే పని ఆమెది. దాన్ని కంటిన్యుటీ అంటారట.

సీను ఏమిటంటే, ఊరి నుంచి వచ్చిన తాత తిరిగి వెళ్ళిపోతుంటాడు. బయట దుమ్ము పట్టిన టాక్సీ ఉంటుంది. మనవడు దాని వెనక అద్దం మీద వేలితో 'తాతా మళ్ళీ రా' అని రాస్తాడు. టాక్సీ గేటు దాటి వెళ్తుంటే ఆ రాత మెల్లగా దూరమవుతుంది. నా బండి టాక్సీ. శ్రావణి మా నాయనను చూసింది, ఆయన మాట వింది, వెళ్ళి డైరెక్టరును తీసుకొచ్చింది. డైరెక్టరు నెమ్మదైన మనిషి, రాజమండ్రి వైపాయన.

"టాక్సీ డ్రైవరుగా మీరే చేస్తారా అండీ? కాంపౌండ్‌లోనే ఇరవై గజాలు నడిపితే చాలు. వెనక నుంచి తీస్తాం, మీ తల వెనక భాగం కనపడుతుంది."

మా నాయన నా వైపు తిరిగాడు. "అప్పుడు చెయ్యి. ఇప్పుడు తలకాయ ఎనుకపక్క. మెల్లమెల్లగ ముందుకొస్తున్న" అన్నాడు.

ఆ సాయంత్రమే వెళ్ళి తల వెనక వెంట్రుకలు కత్తిరించుకుని వచ్చాడు. ముందు వెంట్రుకలు ముట్టుకోనివ్వలేదట. అవసరం లేదన్నాడట.

దసరాకు ముందు రోజు మొదటి సగం తీశారు. పిల్లాడు అద్దం మీద రాశాడు. వంకర టింకర అక్షరాలు. బండి వెళ్ళే షాట్ దసరా మర్నాటికి పెట్టుకున్నారు. శ్రావణి అద్దానికి నాలుగు ఫోటోలు తీసి, నాతో గట్టిగా చెప్పింది.

"అంకుల్, బండి ఇంటికి తీసుకెళ్ళండి. కానీ ముట్టుకోవద్దు. దుమ్ము కూడా మాదే అనుకోండి."

"అమ్మా, ముప్పై ఏళ్ళు ఫైళ్ళ మీద దుమ్మును కాపాడినవాణ్ణి" అన్నాను. నవ్వింది. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ బాధగా ఉంటుంది.

దసరా పొద్దున వీధిలో బండ్లన్నీ కడిగి, బొట్లు పెట్టి, బంతిపూల దండలు వేశారు. ఆటోలకు వేశారు, నీళ్ళ ట్యాంకరుకు వేశారు. నాదొక్కటే దుమ్ముతో నిలబడి ఉంది. యాదగిరి తన బండి ముందు గుమ్మడికాయ కొట్టి నా వైపు తిరిగాడు.

"సత్యన్నా, కంపెనీ పోతే పోయింది. బండికి బొట్టు గూడ బంద్ చేసినవా?"

ఊళ్ళో అందరినీ అనే నోరు నాది. ఇక నన్ను అనడానికి ఊరికి ఇదొక్కటి చాలు. ఇంట్లోకి వచ్చి ఆఫీసు పద్ధతిలో ఆలోచించాను. షాట్‌లో కనిపించేది బండి వెనక. బొట్టు పెట్టేది బండి ముందు. కాబట్టి ముందు భాగం కడిగి పూజ చేస్తే నిబంధనకు ఏ విధంగానూ భంగం లేదు. మా నాయన గుడికి వెళ్ళి ఉన్నాడు. బానెట్ కడిగాను. బొట్టు పెట్టాను, దండ వేశాను, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టాను. చూస్తే సగం కడిగిన ముఖంలా ఉంది. పైకప్పు మీద కూడా ఒక చెంబెడు పోస్తే సమంగా ఉంటుందనిపించింది.

చెంబెడు కాదు, బకెట్టెడు పోశాను. కప్పు మీద పడ్డ నీళ్ళు సగం ముందుకు వచ్చాయి. మిగతా సగం వెనక్కి వెళ్ళాయి. నేను వెనక్కి పరుగెత్తేసరికి 'మళ్ళీ' లేదు. ఒక్క 'రా' మిగిలింది. నేను చూస్తుండగానే అదీ పోయింది.

ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. మర్నాడు తెల్లవారాక, మా నాయన ఖాకీ చొక్కా ఇస్త్రీ చేసుకుంటుంటే, దండ తీసి, బొట్టు తుడిచి, పిండి జల్లెడతో రోడ్డు పక్క మన్ను జల్లించి బండి మీద చల్లాను. దుమ్ము బాగానే పట్టింది. వెనక అద్దం మీద వేలితో రాశాను. మూడే మాటలు. ఎవరూ చూడకముందే అయిపోవాలన్న కంగారులో రాసి, చెయ్యి దులుపుకుని, మా నాయనను ఎక్కించుకుని బయల్దేరాను.

లొకేషన్ ఇంట్లో అందరూ సిద్ధంగా ఉన్నారు. ఆ ఇల్లు మధ్యాహ్నం వరకే వాళ్ళది. తాత వేషం వేసే పెద్ద నటుడు సాయంత్రం వేరే ఊరు వెళ్ళాలి. శ్రావణి ఫోన్ పట్టుకుని బండి వెనక్కి వెళ్ళింది. ఫోన్ చూసింది, అద్దం చూసింది, మళ్ళీ ఫోన్ చూసింది.

"అంకుల్, ఇది ఎవరు రాశారు?"

"పిల్లాడే కదమ్మా."

"పిల్లాడు సంతకం కూడా పెట్టాడా?"

వెళ్ళి చూశాను. 'తాతా మళ్ళీ రా' అని రిజిస్టరులో రాసినంత తిన్నగా ఉంది. కింద నా సంతకం. దాని కింద తేదీ. రెండు గీతలు కూడా కొట్టి ఉన్నాయి, ఆ కింద ఇంకెవరూ ఏమీ చేర్చకుండా.

దాన్ని తుడిచి మళ్ళీ రాస్తే కుదరదట. పిల్లాడు రాసిన అక్షరాలు అప్పటికే దగ్గర నుంచి తీసి ఉన్నారు. అచ్చం అలాగే రావాలి. ఆర్టువాళ్ళు ఇద్దరు ప్రయత్నించారు. దుమ్ములా కనపడే ముల్తానీ మట్టి సంచి తెచ్చి, మొదట పక్క కిటికీ అద్దాల మీద కొట్టి, రాసి, తుడిచి, గంటసేపు తంటాలు పడ్డారు. చివరికి నా అక్షరాలే మళ్ళీ నయమనిపించాయో ఏమో, వెనక అద్దాన్ని ముట్టుకోకుండానే వదిలేశారు. శ్రావణి డైరెక్టరుతో మెల్లగా అంది.

"సార్, బండి షాట్ తీసేద్దాం. పిల్లాడు చెయ్యి ఊపడంతో సీను ఆపేద్దాం."

మా నాయన డ్రైవరు సీట్లోనే కూర్చుని ఉన్నాడు. ఆయనకు వినబడింది. ఖాకీ చొక్కా పై గుండీ విప్పాడు. అంతే. నేను పుట్టినప్పటి నుంచీ ఆయన నన్ను తిట్టిన తిట్లన్నీ కలిపినా ఆ గుండీ అంత బరువు లేదు.

నేను డైరెక్టరు దగ్గరికి వెళ్ళాను. అందరి ముందూ చెప్పాను. బొట్టు సంగతి, బకెట్టు సంగతి, జల్లెడ సంగతి. "తప్పు మొత్తం నాది సార్. మా నాయన తల వెనక ఎవరికీ కనబడకపోయినా ఫరవాలేదు. ఆయనను ఒక్కసారి గేటు దాకా నడపనివ్వండి. కెమెరా లేకపోయినా సరే" అన్నాను. ముప్పై ఏళ్ళు నా బల్ల ముందు జనం ఎలా నిలబడ్డారో ఆ రోజు తెలిసింది.

డైరెక్టరు బండి చుట్టూ ఒకసారి తిరిగాడు. ముందుకు వచ్చి ఆగాడు. ముందు అద్దంలోంచి మా నాయనను చూశాడు.

"మల్లయ్యగారూ, నడుపుతూ పైన అద్దంలోంచి వెనక్కి చూడగలరా?"

"ముప్పై ఐదేండ్లు అదే చూసిన సార్."

కెమెరాను వెనక నుంచి తీసి ముందు పెట్టారు. వెనక అద్దం ఇక ఫ్రేములో లేదు. బండి కదులుతుంది, వెనక సీట్లో తాత బయటికి చూస్తుంటాడు, పైన అద్దంలో డ్రైవరుకు పిల్లాడి రాత కనపడుతుంది. అది చదివి ఆయన ముఖం ఎలా అవుతుందో అదే షాట్. తెర మీద కనబడని రాతను చూసేవాళ్ళు ఆయన ముఖంలో చదవాలి. మా నాయన గుండీ మళ్ళీ పెట్టుకున్నాడు. తల ముందు వెంట్రుకలను అరచేత్తో సర్దుకున్నాడు. వాటిని కత్తిరించుకోనందుకు నేను బాధపడ్డాను.

బండి కదిలింది. మా నాయన కళ్ళెత్తి అద్దంలోకి చూశాడు. చూస్తూ ఉండిపోయాడు. పెదవులు బిగించాడు. గడ్డం వణికింది. కళ్ళల్లో నీళ్ళు నిండాయి, పడలేదు. రోడ్డు వైపు చూపు తిప్పాడు. గేటు దగ్గర బండి ఆగింది. శ్రావణి ఫోన్‌తో ముఖం దాచుకుంది.

డైరెక్టరు వెళ్ళి తలుపు తీశాడు. మా నాయన జీవితంలో ఇంకొకరు ఆయనకు కారు తలుపు తీయడం అదే మొదలు.

"ఎలా చేశారండీ? లోపల అంత పొంగుతుంటే పైకి రాకుండా ఎలా ఆపారు?"

మా నాయన దిగి, కళ్ళు తుడుచుకుని, తలుపు వేశాడు. మంచి చప్పుడు వచ్చింది. నా వైపు చూశాడు.

"అద్దంల అంత సాఫ్ కనబడ్డది సార్, కింద సంతకం, తేదీతో సహా. నవ్వు ఆపుకునుడు నాకేం కొత్త గాదు. వాడు నా కొడుకు."