ఎనిమిదో గుణకారం

వీధి చివర సెలూన్ నడిపే అతన్ని అందరూ లెక్కల కత్తెర అంటారు. కుర్చీలో కుదురుగా కూర్చోని వాళ్లకు మెడ చుట్టూ గుడ్డ కడుతూనే ఒక సంఖ్య అప్పజెబుతాడు: 142857. రెండుతో గుణిస్తే 285714, మూడుతో 428571. ఆరు దాకా ఎంతతో గుణించినా అవే అంకెలు, అదే వరసలో, గానుగెద్దుల్లా తిరుగుతాయి. మనిషి కళ్లు మూసుకుని లెక్కలో పడతాడు, తల కదలదు. కత్తి చేతిలో ఉండగా ఏడుతో గుణించమని మాత్రం అతను ఎవరికీ చెప్పడు.

ఒకరోజు అతని భార్య అన్నగారు మీసం చివర్లు కత్తిరించుకోవడానికి వచ్చారు. ఇరవై ఏళ్లుగా కన్నబిడ్డలా పెంచుకున్న మీసం అది. నోటిలెక్కల్లో దిట్ట కావడంతో, ఎవరూ అడగకుండానే ఏడు దాకా వెళ్లిపోయారు.

"బావా, ఆరు అంకెలూ తొమ్మిదులే" అంటూ కళ్లు మూసుకునే ఎగిరిపడ్డారు. సగం మీసం గుడ్డ మీద రాలింది.

అతను రాలిన వెంట్రుకలను గుడ్డ మీంచి మెల్లగా దులిపేశాడు. గొంతు మాత్రం తొణకనివ్వలేదు.

"ఎనిమిదితో ఇంకా తమాషా బావగారూ. కళ్లు తెరవకుండా చెయ్యండి."

"1142856. వరస చెడిందే."

"ముందున్న ఒకటి తీసేసి, చివరి అంకెకు కూడండి."

ఆయన వేళ్లు లెక్కపెడుతుంటే, కత్తి రెండో వైపు పని కూడా మెత్తగా ముగించింది.

"142857. మళ్లీ మొదటికే వచ్చింది" అని మురిసిపోతూ బావగారు మీసం మెలేయబోయారు. వేళ్లకు ఏమీ తగల్లేదు.

"మీసం కూడానండి" అన్నాడతను, తలుపు వైపు జరుగుతూ.