దానిమ్మ గింజలు తొక్కిన రోబో

మొన్న కంఠేశ్వర్‌లో నా దోస్తు ఇంట్లో, అద్దాల బీరువాలో పెట్టెతో సహా ఉన్న ఒక రోబోను చూసి ఎగిరి గంతేశాను. చిన్నప్పుడు టీవీలో వచ్చిన కార్టూన్‌లోని ఎర్ర రోబో. నాకూ అచ్చం అలాంటిదే ఉంది, బోధన్‌లో ఉన్నప్పటిది.

అది నా చేతికొచ్చిన ఏడు, దసరాకు మా బాపు చెరుకు ట్రాక్టర్‌ను కడిగి, పసుపు కుంకుమ పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టాడు. ట్రాక్టర్ వాటిని చిదిపి కదిలింది. పూజ చేస్తేనే యంత్రాలకు ప్రాణం వస్తుందనుకున్నాను. రోబోను ఎత్తుకుని అవ్వ దగ్గరికి ఉరికాను.

"అవ్వా, దీనికి గూడ పూజ చెయ్యవా?"

అవ్వ నవ్వలేదు. దాని ఛాతీకి పసుపు రాసి, బొట్టు పెట్టింది. ఒక నిమ్మకాయ తీసుకుని, దాన్నీ రోబో పాదాలనూ మార్చి మార్చి చూసింది.

"గింత కాయ ఇదేడ తొక్కుతది బిడ్డా" అంటూ దానిమ్మపండు ఒలిచి, ఒక్కో పాదం ముందు ఒక్కో గింజ పెట్టింది.

కీ ఇచ్చి వదిలాను. రోబో టకటకా నడిచి రెండు గింజలనూ చిదిపింది. కేకలు పెడుతూ వాడంతా తిరిగాను.

దోస్తు తన రోబోను ఇన్నేళ్లలో పెట్టెలోంచి తీయనే లేదట. ఒక్క గీతా పడలేదని మురిసిపోతున్నాడు. నా రోబో ఛాతీ మీద ఆ పసుపు మరక ఇప్పటికీ ఉంది.

"దసరాకు పెట్టె ఇప్పురా," అన్నాను. "దానిమ్మపండు నేను తెస్త."