మేడ మీది హతనాకా గారికి

ఇసోనో అవ్వ తన ఇంట్లో ఉన్న మనిషికి ఏ సంగతీ తనంతట తానుగా నోటితో చెప్పదు. పోస్టుకార్డు రాస్తుంది. ఆమె ఉండేది కింద, అద్దెకున్న తోకుజి ఉండేది మేడ మీద. మధ్యన పదమూడు మెట్లు. కార్డు మాత్రం వీధి చివరి ఎర్రడబ్బాలో పడి, రేవు పక్కనున్న పోస్టాఫీసులో ముద్ర వేయించుకుని, రెండు రోజులకు ఆ మెట్లెక్కేది.

"సూప్ చల్లారుతోంది. వెంటనే దిగి రావలెను" అని సోమవారం రాసిన కార్డు బుధవారం అందేది. తోకుజి పరుగున దిగేవాడు.

"ఏదీ సూప్?"

"అది సోమవారంది నాయనా. నేనే తాగేశాను."

"ఒక్క కేక వేయకూడదా అవ్వా?"

"నా గొంతు బాగాలేదు."

ఎండుచేపల జోలికొచ్చిన పిల్లిని ఆ బాగాలేని గొంతే నాలుగు వీధుల అవతలికి తరిమేది.

తోకుజి మూడేళ్లు జైల్లో ఉండి వచ్చినవాడు. ఇంట్లో దిగిన రోజున అవ్వను అడిగింది ఒక్కటే.

"గేటు మీద నా పేరు మాత్రం రాయొద్దు. ఈ వీధికి నేనెవరో తెలియకూడదు."

"రాయను, ఒట్టు" అంది అవ్వ. మర్నాటి నుంచే కార్డులు మొదలయ్యాయి.

పోస్టుమేన్ నెమోతోకు ఒక నమ్మకం ఉంది: కార్డు అందించడమే కాదు, చదివి వినిపించడం కూడా తన ఉద్యోగమేనని.

"హతనాకా తోకుజి గారోయ్! మీ పసుపు మేజోళ్లు ఆరాయట!"

ఎదురింటి తోఫు దుకాణంలో మిత్సుయో పకపకా నవ్వేది. తోకుజి కిటికీ మూసుకునేవాడు.

అతనికి చేపముద్దలు చేసే ఫ్యాక్టరీలో పని దొరికింది. "జీతం బ్యాంకులోనే వేస్తాం. నెలాఖరుకి ఖాతా చూపించకపోతే ఇంకొకణ్ణి చూసుకుంటా" అన్నాడు యజమాని. తోకుజికి పాత సంగతి గుర్తొచ్చింది. ఇంతకు ముందున్న ఊళ్లో బ్యాంకు పంపిన ఏటీఎం కార్డు కవరు, ఆ పేరు గలవాడు ఆ ఇంట్లో లేడన్న ముద్రతో తిరిగి వెళ్లిపోయింది. "ఉన్నానండీ, ఇదిగో మీ ఎదురుగానే ఉన్నాను" అని బ్యాంకులో ఎంత మొత్తుకున్నా వినలేదు. ఖాతా పోయింది, వెనకే పనీ పోయింది.

మళ్లీ దరఖాస్తు పెట్టాడు. నెలాఖరుకి ఇంకా మూడు రోజులుందనగా పని నుంచి వస్తూ వీధి మొదట్లోనే ఆగిపోయాడు. మోకాలి నొప్పితో నెమోతో సెలవు పెట్టాడు. బదులుగా వచ్చిన కొత్తమ్మాయి, చేతిలో బ్యాంకు కవరుతో అవ్వ గేటు ముందు నిలబడి ఉంది.

"ఇక్కడ ఇసోనో అని ఒక్క పేరే ఉంది" అని గొణిగి, కవరు సంచిలో పెట్టి సైకిలు తిప్పింది. తన పేరు వీధిలో అరవలేక తోకుజి గబగబా అటు నడిచాడు.

"ఎవరి పేరమ్మాయ్?" అంది మిత్సుయో.

"హతనాకా తోకుజి అట."

"పసుపు మేజోళ్ల హతనాకా గారా! మేడ మీదే!"

"రోజూ సూప్ చల్లార్చుకునే ఆయనేగా?" మంగలి షాపులోంచి మరో గొంతు. "అదుగో, వస్తున్నాడు!"

అమ్మాయి అనుమానంగా చూసింది. "మీరేనా?"

తోకుజి ప్యాంటు కాస్త పైకెత్తాడు. పసుపు మేజోళ్లు. కవరు చేతికొచ్చింది.

"ఈ కార్డులన్నీ కావాలనే రాశావు కదవ్వా?" అని తోకుజి అడిగితే అవ్వ గొంతు సవరించుకుని వంటింట్లోకి వెళ్లిపోయింది. జవాబు రెండు రోజులకు వచ్చింది.

"వీధికి పేరు తెలియనివాడికి బ్యాంకు కవరు అందదు. గేటు మీద రాయనని ఒట్టేశాను. వీధి నోట రాయనని వేయలేదు. ఇట్లు, ఇసోనో."

ఆ మధ్యాహ్నం తోకుజి కుంచె తీసుకుని, గేటు మీద ఇసోనో పేరు కింద తన పేరు తానే రాశాడు. రెండు రోజుల తర్వాత, మోకాలు కుదుటపడ్డ నెమోతో గేటు దగ్గర గొంతెత్తాడు.

"హతనాకా గారోయ్! గేటు మీద మీ అక్షరాలు వంకరట! సూప్ చల్లారుతోందట!"

తోకుజి తీరిగ్గా మెట్లు దిగాడు. పొయ్యి మీద సూప్ పొగలు కక్కుతోంది.

"ఇది మొన్నటిది కాదా?"

"కార్డు ముందుగా రాశాను నాయనా" అంది అవ్వ. "కూర్చో."