కుడివైపు జేబు

ఊరిబడిలో ఐదో తరగతి దాకా చదివి, ఆ పై చదువంతా టేపు మీదే చదివానని చెప్పుకునే దర్జీ మాస్టారికి డెబ్బై ఒకటో ఏడు నడుస్తోంది. చూపు తగ్గినా మాట తగ్గలేదు. ఎదురుగా ఎవరైనా అరనిమిషం ఊరికే కూర్చున్నారా, ఇక అయిపోయారన్నమాటే. బ్యాండు వాళ్లకి పదకొండు రోజుల్లో నలభై రెండు కోట్లు కుట్టి, వాళ్లు బుగ్గలు పగిలేలా ఊదినా ఒక్క బొత్తాం ఊడకుండా నిలబెట్టిన వైనం ముందు వచ్చేది. ఒక భుజం ఎత్తు, ఒక భుజం పల్లం అయిన జడ్జిగారికి కోటు కుట్టి, ఆయన అంత నిటారైన మనిషి ఇంకొకడు లేడని లోకం చేత అనిపించిన వైనం ఆ తర్వాత. ఇవన్నీ భోజనానికి ముందు మంచినీళ్ల లాంటివి. అసలు విస్తరి సినిమా హీరో చొక్కాలు.

ముప్పై ఏళ్ల కిందట సినిమావాళ్లు మాస్టారి పట్నంలో నాలుగు రోజులు షూటింగు పెట్టుకున్నారు. వాళ్ల బట్టల పెట్టె పొరపాటున వేరే రైలెక్కి వెళ్లిపోయింది. పొద్దున్నే ఒకాయన నీలం గుడ్డ చంకన పెట్టుకుని రొప్పుతూ వచ్చి, మధ్యాహ్నం మూడింటికల్లా హీరోకి అచ్చం ఒకేలా ఉండే చొక్కాలు రెండు కావాలన్నాడు. వానలో తడవడానికి ఒకటి, గోడౌన్ లోపలి సీనుకి ఒకటి. మూడింటికి పావుగంట ముందే రెండూ చేతిలో పెట్టారు మాస్టారు. ఆ రోజు నుంచి మాస్టారి మిషను మీద దుమ్మైనా పడింది గానీ ఆ కథ మీద పడలేదు.

కొట్టుకి ఆనుకునే సెలూన్ ఉంది. మధ్యలో గోడ ఒక్కటే. సెలూన్ నడిపే మనిషీ మాస్టారూ ఒకరినొకరు బావా అని పిలుచుకుంటారు. చుట్టరికం ఏమీ లేదు. ఎగతాళి చేసుకోవడానికి ఏదో ఒక వరస కావాలి గదా అని కలుపుకున్నదే. ఆ సెలూన్‌లో సినిమా తప్పుల మీద విచారణ జరిగేది. ఫలానా సినిమాలో ఇది తప్పా, కాదా అని గడ్డం గీయించుకునేవాళ్లు సైతం నురగ మొహంతో వాదించేవారు. ఏ తప్పు ఏ పనిదైతే ఆ పని తెలిసినవాడిదే తీర్పు అని అక్కడో చట్టం. ఆ చట్టం పెట్టింది మాస్టారే. నున్నటి గడ్డంతో రైలెక్కిన హీరో మాసిన గడ్డంతో దిగాడని అందరూ నవ్వితే, "రెండు రోజుల ప్రయాణం, పెరగదా మరి? తప్పు కాదు" అని సెలూన్ బావ కొట్టేశాడు. కొండమీంచి పడిన విలన్ చొక్కాకి ఇస్త్రీ మడత చెదరలేదని గోల చేస్తే, "గంజి దిట్టంగా పెడితే మనిషి విరుగుతాడు గానీ మడత విరగదు" అని మాస్టారు తీర్పు చెప్పారు.

ఇప్పుడు దర్జీల సంఘం వాళ్లు ఆదివారం నాడు మాస్టారికి వెండి కత్తెర బహూకరిస్తున్నారు. "హీరోకి రెండు చొక్కాలు కుట్టిన ఏకైక దర్జీ" అని దాని పిడి మీద చెక్కించారు కూడా. ఆ సినిమాలో గోడౌన్ ఘట్టం అందరికీ తెర మీద చూపిస్తారట. మాస్టారు వారం ముందు నుంచే నేల మీద నడవడం మానేశారు.

శుక్రవారం పొద్దున సెలూన్ బావ గోడ మీద దబదబ బాదాడు.

"బావా, ఓసారి ఇటు రా. నీ ఘనత ఫోన్‌లో చూస్తున్నాను. ఒక ధర్మసందేహం వచ్చింది."

మాస్టారు మెడలో టేపుతోనే వెళ్లారు. గడ్డం సగం గీసిన పోస్టుమాన్ కుర్చీలో అలాగే ఉన్నాడు. సెలూన్ బావ ఫోన్ చూపించాడు. వానలో హీరో ఉత్తరం మడిచి ఎడమవైపు జేబులో పెట్టుకున్నాడు. తలుపు నెట్టుకుని గోడౌన్‌లోకి వచ్చాడు. ఎడమ గుండె మీద తడుముకున్నాడు. ఆగాడు. కుడివైపు తడుముకుని, జేబులో వేళ్లు పెట్టి, ఒక్కసారి ఉలిక్కిపడి ఉత్తరం బయటికి తీశాడు. ఆ ఉలికిపాటుకి అప్పట్లో హాలు హాలంతా ఏడ్చింది. పోగొట్టుకున్న గుండెని వెతుక్కున్నట్టు నటించాడని పత్రికలవాళ్లు రాశారు.

"ఎడమ జేబులో పెట్టి కుడి జేబులోంచి తీశాడేంటి బావా? హీరోనా, గారడీవాడా?"

మాస్టారు ఫోన్ కళ్ల దగ్గరికి లాక్కున్నారు. ముప్పై ఏళ్లలో ఆ సినిమా అరవై సార్లు చూశారు. కానీ గోడౌన్ ఘట్టం రాగానే వెనక్కి తిరిగి, "ఆ చొక్కా నాదే" అని జనం మొహాలు చూస్తూ కూర్చునేవారు. తెర మీద ఏముందో ఆయనకి ఇవాళే తెలిసింది.

అయినా ఓటమి ఒప్పుకునే నోరు కాదు అది. "ఫిలిం తిరగేసి అతికించుంటారు. అద్దంలో బొమ్మలా ఎడమ కుడి అవుతుంది. దాంట్లో దర్జీ తప్పేముంది?"

"అలాగా! మరి పాపిడో? వానలోనూ ఎడమే, లోపలా ఎడమే. జుట్టు సంగతి నా దగ్గర మాట్లాడకు బావా."

మాస్టారు కళ్లజోడు పైకి నెట్టుకుని చూశారు. పాపిడి సంగతి దేవుడెరుగు, కాజాలు ఎడమ రెక్క మీదే ఉన్నాయి. ఫిలిం తిరగేసి ఉంటే అవీ కుడికి రావాలి. ఆయన విద్యే ఆయనకి అడ్డం తిరిగింది.

"అతని మనసు మారింది. దానికి గుర్తుగా డైరెక్టరు చేయించుంటాడు."

"మనసు మారితే జేబు మారుతుందా? అలాగైతే మా ఆవిడ చీర రోజుకి పదిసార్లు మారాలి," అన్నాడు పోస్టుమాన్ నురగ తుడుచుకుంటూ.

"నీ గడ్డం సగమే అయింది, నోర్మూసుకుని కూర్చో," అన్నారు మాస్టారు.

సెలూన్ బావ మెత్తగా నవ్వాడు. "నీ చట్టమే బావా. చొక్కా తప్పుకి దర్జీదే తీర్పు. ఆదివారం నేనూ వస్తున్నాను. అందరి ముందూ ఒకే ఒక్క ప్రశ్న. తప్పా, కాదా?"

మాస్టారు ఇంటికి వచ్చేసరికి ఆయన భార్య కిటికీ పక్కన కూర్చుని బొత్తాలు కుడుతోంది. యాభై ఏళ్లుగా ఆయన కొట్టులో కుట్టిన ప్రతి చొక్కాకీ కాజాలు తీసింది ఆవిడే. అందుకే వీధంతా ఆవిణ్ణి కాజాల పిన్ని అంటుంది.

"ఏమేవ్, హీరో చొక్కాల్లో రెండోదాని మీద నువ్వేమన్నా చెయ్యి పెట్టావా?"

"చెయ్యి పెట్టడమేంటి? కుట్టిందే నేను."

"కోసింది నేను!"

"కోసినవాడిదే చొక్కా అయితే, చెట్టు కొట్టినవాడిదే కుర్చీ. రెండు చొక్కాలూ మీరే కోశారు. మొదటిది మీరు కుట్టారు. రెండోది నేను కుట్టి, జేబు అతికే ముందు ఇస్త్రీ చెయ్యమని మీకిచ్చాను."

"చేశానుగా!"

"చేశారు. బొగ్గుల పెట్టె కుడి రెక్క మీద పెట్టి, వీధిలో ఎవరో 'హీరో చొక్కా కుడుతున్నారటగా' అని అడిగితే గుమ్మంలోకి వెళ్లారు. గుమ్మంలోంచి టీ కొట్టుకి వెళ్లారు. నేను వంటింట్లోంచి వాసన పట్టి వచ్చేసరికి పెసరగింజంత బొక్క పడింది. గుడ్డ ఇంకో జానెడు కూడా లేదు. మిగిలింది ఆ జేబు ముక్క ఒక్కటే. తీసుకెళ్లి బొక్క మీద కుట్టేశాను."

మాస్టారు పీట లాక్కుని ఎదురుగా కూర్చున్నారు. "నాతో ఒక్క మాట చెప్పకూడదూ?"

"చెబుదామనే చూశాను. మీరు ఊపిరి తీసుకుంటే కదా? కాగితంలో చుట్టింది చుట్టినట్టే లాక్కుని పరిగెత్తారు. ఆ తర్వాత చెప్పి ఏం లాభం? ఊరంతా చాటేశారు." దారం కొరికి తెంపింది. "ముప్పై ఏళ్లకి అడిగారు, ఇప్పటికైనా సంతోషం."

రెండు రోజులు మాస్టారు టేపు పక్కన పెట్టి లెక్కలు వేశారు. లెక్క ఎటు తిప్పినా ఒక్కటే తేలుతోంది. ఆ చొక్కా నాది అంటే తప్పు తన మీద పడుతుంది. అచ్చం ఒకేలా ఉండాల్సిన జతలో జేబు అటుదిటు కుట్టిన దర్జీ అని చంటిపిల్లాడు కూడా నవ్వుతాడు. తప్పు నాది కాదు అంటే చొక్కా చేజారుతుంది. కత్తెర పిడి మీద "రెండు చొక్కాలు" అని చెక్కి ఉంది. చొక్కా ఒకటే అయితే ఆ పిడిని అరగదీయాలి. చొక్కా కావాలి, తప్పు వద్దు. ఈ రెండూ ఒకే సూదిలో ఎక్కడం లేదు.

ఆదివారం పదింటికి గుడ్డల కొట్టు మేడ మీది హాల్లో అరవై మంది దర్జీలు చేరారు. పనిలో పడ్డ అలవాటు ఎక్కడికి పోతుంది? కూర్చోగానే ఒకరి కాలర్ ఒకరు పరీక్షగా చూసుకున్నారు. సంఘం ప్రెసిడెంటు మాస్టారి ఘనకార్యాలు చదివాడు. నలభై రెండు కోట్లని ముప్పై రెండని చదివితే మాస్టారు కూర్చున్నచోటి నుంచే సరిదిద్దారు. తర్వాత కిటికీలు మూసి, గోడకి కట్టిన తెల్లగుడ్డ మీద బొమ్మ వేశారు. మాస్టారు మొదటిసారి వెనక్కి తిరగకుండా చూశారు. జేబు కుడివైపే ఉంది. ఎంత పెద్దదిగా ఉందంటే, అందులో ఆయన పడుకోవచ్చు.

కిటికీలు తెరిచారో లేదో, పోస్టుమాన్‌ని కూడా వెంటబెట్టుకొచ్చిన సెలూన్ బావ చెయ్యెత్తాడు.

"అధ్యక్షా, దర్జీని కాను, అతిథిని. ఆ జేబు ఎడమ నుంచి కుడికి నడిచొచ్చింది. అది తప్పా, కాదా? మా బావే చెప్పాలి."

హాలు తేనెపట్టులా మోగింది. "నడిచొచ్చిందా? ఏదీ, మళ్లీ వెయ్యండి!" కిటికీలు మూసి మళ్లీ వేసి, బొమ్మని జేబు దగ్గర ఆపారు. అరవై నోళ్లూ ఒకేసారి లేచాయి. ఎడమచేతి వాటం వాళ్లకి కుడి జేబే నయం అని ఒకాయన, అయితే మొదటి చొక్కా తప్పు అని ఇంకొకాయన, ఫిలిం తిరగేశారని మూడో ఆయన, కాజాలు కళ్లబడటం లేదా అని నలుగురు.

మాస్టారు మైకు ముందుకి వచ్చారు. గొంతు సవరించుకున్నారు. "అది తప్పు కాదు. డైరెక్టరు గారు స్వయంగా నన్ను పిలిచి, మాస్టారూ..." అని మొదలుపెట్టేశారు కూడా. అంతలో రెండో వరసలో భార్య కనబడింది. ఆవిడ ఆయన వంక చూడటం లేదు. ఆగిపోయిన బొమ్మ వంక చూస్తోంది. హీరో మొహం కాదు, చొక్కా అంచున తను వేసిన కుట్టు. వేలు గాలిలో కదుపుతూ కాజాలు లెక్కపెట్టుకుంటోంది. లెక్క సరిపోయినట్టుంది, తలాడించింది.

డైరెక్టరు గారు మాస్టారి నోట్లోనే ఆగిపోయారు.

"డైరెక్టరు పిలవలేదు," అన్నారు మాస్టారు. "ఆ చొక్కా నేను కుట్టలేదు. మా ఆవిడ కుట్టింది. నేను దాన్ని కాల్చాను."

హాల్లో సూది పడితే వినబడేది. అరవై మంది దర్జీలున్న చోట ఎవరి జేబులోంచో ఒకటి పడింది కూడా. ఇస్త్రీ పెట్టె, టీ కొట్టు, పెసరగింజంత బొక్క, అన్నీ చెప్పారు. చెప్పేటప్పుడు మాత్రం బొక్కని ఆవగింజంత చేశారు.

"పెసరగింజ," అంది రెండో వరసలోంచి కాజాల పిన్ని.

"పెసరగింజే," అన్నారు మాస్టారు.

సెలూన్ బావ నవ్వు ఆపుకుంటూ లేచాడు. "చట్టం మారింది బావా. కుట్టినవాళ్లదే తీర్పు. అక్కయ్యా, నువ్వే చెప్పు. తప్పా, కాదా?"

ఆవిడ లేచి, అందరి వంకా చూసి అంది: "తప్పెలా అవుతుంది తమ్ముడూ? తప్పు లోపలుంది. అది దాని మూత. కాకపోతే జేబు వెనకాల ఆ బొక్క పూడ్చడానికి టైము లేకపోయింది. ఉత్తరం కోసం వేలు పెట్టాడు కదా ఆ అబ్బాయి, బొక్కలోంచి వేలు పోయి ఒంటికి గుచ్చుకుంది. అదిగో, అలా ఉలిక్కిపడ్డాడు. అది చూసి మీరందరూ ఏడ్చారు."

ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. అర్థమయ్యాక కుర్చీలు నిలబడలేదు. పోస్టుమాన్ కింద కూర్చుని నవ్వాడు. ప్రెసిడెంటు కళ్లు తుడుచుకుంటూ వెండి కత్తెర తీసుకొచ్చి కాజాల పిన్ని చేతిలో పెట్టాడు. ఆవిడ దాన్ని తెరిచి, కొంగు చివర దారం మీద ఆడించి చూసింది. దారం తెగలేదు.

"తెగని కత్తెర నాకెందుకు నాయనా? ఆయనకే ఇవ్వండి, చెప్పుకోవడానికి పనికొస్తుంది," అని మాస్టారి ఒళ్లో పెట్టి కూర్చుంది.

ఇంటికి నడిచి వస్తుంటే దారిపొడుగునా మాస్టారు నోరు విప్పలేదు. పెళ్లయ్యాక అంతసేపు మౌనంగా ఉన్నది అదే మొదటిసారి. పాపం, బాగా నొచ్చుకున్నట్టున్నారని ఆవిడకి జాలేసింది. సందు మలుపులో పాత కుర్చీలు బాగుచేసే ఆయన ఎదురుపడి, "ఏం మాస్టారూ, సన్మానం ఎలా జరిగింది?" అని అడిగాడు.

మాస్టారు ఆగారు. మెడలో లేని టేపుని సర్దుకున్నారు. ఛాతీ విరిచారు.

"హీరోలకి చొక్కాలు కుట్టినవాళ్లు దేశంలో వెయ్యిమంది ఉంటారయ్యా. కాల్చినవాణ్ణి నేనొక్కణ్ణే. ఒక్క కాల్చుడుతో హాలు హాలంతటినీ ఏడిపించాను. ఇలా కూర్చో, మొదటి నుంచి చెబుతాను."

"మీరు కూర్చోండి," అంది కాజాల పిన్ని కొంగు సర్దుకుంటూ, "నేను వెళ్తాను. పాలు కాచాలి, మీ చేతికి వదిలితే మాడతాయి. ఇంకో ఘనకార్యం మన ఇంట్లో వద్దు."